పేరాలో ఏముందో అదే

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ మరకలక్క అంటారు. ఎంత మొండి మరకైనా ఆమె చేతిలో పడితే తోక ముడుచుకోవాల్సిందే. ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు ఉతికి ఉతికి ఆ చేతులు బీటలు వారాయి. ఇంకో ఏడాది సబ్బునీళ్లలో నానితే వేళ్లు పనికిరాకుండా పోతాయని డాక్టరు తెగేసి చెప్పాడు. చెయ్యి తడవని ఉద్యోగం అక్కడ ఒక్కటే ఉంది, సూపర్‌వైజరుది. దానికి పరీక్ష. రెండుసార్లు రాసింది. లెక్కలు గట్టెక్కాయి కానీ, పేరా చదివి జవాబు గుర్తించే భాగంలో రెండుసార్లూ బోల్తా కొట్టింది. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరిసారి.

చదవడం రాక కాదండీ. చదివినదాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచలేకపోవడమే ఆమె జబ్బు.

"ముసలాయన ఆవును ఎందుకు అమ్మాడు?" పదో తరగతి చదివే కూతురు పాత ప్రశ్నపత్రం ముందేసుకుని అడిగింది.

"ఎందుకేంటే? కొడుకు పనికిమాలినవాడై ఉంటాడు. ఆ వయసులో ఆయనెక్కడ మేపుతాడు?"

"అమ్మా! అందులో కొడుకే లేడు. గడ్డి దొరక్క అమ్మాడని రెండో లైన్లోనే ఉంది."

"కొడుకు కూడా లేడా? అయ్యో పాపం!"

కూతురు తల పట్టుకుంది. "నీకు తెలిసింది ఎవరికీ అక్కర్లేదమ్మా. పేరాలో ఏముందో అదే. దిద్దేది మిషను, దానికి జాలీ లేదు, అనుభవమూ లేదు."

పరీక్షకు మిగిలిన ఆ నెల రోజులూ ఆమె కాలుగాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరుగుతూనే చదివింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. ముందు ప్రశ్నలు, తర్వాత పేరా, జవాబున్న వాక్యం కింద గీత. అన్నీ కూతురు పెట్టిన నియమాలే. మందుచీటీ కనబడినా, సబ్బు పొట్లం కనబడినా చదివి "ఇందులో ఏముంది?" అని తననే తాను నిలదీసుకునేది. చివరి వారం పదికి తొమ్మిది వచ్చాయి.

పరీక్ష రోజు బల్ల కింద కాలు ఆడుతూనే ఉంది. పక్కావిడ రెండుసార్లు గుర్రుగా చూసింది. మొదటి రెండు పేరాలు నల్లేరు మీద బండి నడకలా సాగిపోయాయి. మూడోది పక్క దుప్పట్ల శుభ్రత గురించి. హమ్మయ్య, మన పేరానే అనుకుని ఆమె ముందుకు వంగింది.

"రక్తపు మరకలున్న దుప్పట్లను ముందుగా మరిగే నీళ్లలో నానబెట్టాలి."

మళ్లీ చదివింది. ఎవడ్రా ఈ మహానుభావుడు? జన్మలో ఒక్క రుమాలైనా ఉతికిన మొహమేనా? నెత్తురు మీద వేణ్నీళ్లు పడితే మరక గుడ్డలోనే ఉడికి కూర్చుంటుంది. ముందు చన్నీళ్లే పొయ్యాలి. లాండ్రీలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ ఆమె మొదటి రోజు నేర్పేది అదే.

పేరా ప్రకారం ముందుగా ఏ నీళ్లలో నానబెట్టాలి, అని ప్రశ్న. కింద ఇచ్చిన జవాబుల్లో 'చన్నీళ్లు' కూడా ఉంది, రారమ్మన్నట్టు. పెన్ను అటే పోయింది. ఆమె చటుక్కున పెన్ను ఎత్తేసి చెయ్యి లేపింది. హాల్లో కాపలా ఉన్న మాస్టారు వచ్చాడు.

"సార్, ఇది తప్పు సార్."

"ప్రశ్న తప్పా?"

"ప్రశ్న కాదు సార్, పేరానే తప్పు."

"పేరా తప్పైతే మీకేంటమ్మా? అందులో ఉన్నది గుర్తించండి, టైమవుతోంది."

ఆ ప్రశ్న వదిలేసి ముందుకెళ్లింది. మనసొప్పక వెనక్కొచ్చింది. అలా మూడుసార్లు తిరిగింది. పది నిమిషాలే ఉన్నాయని గంట కొట్టారు. పెన్ను నొక్కీ నొక్కీ బొటనవేలి మీద పగులు విచ్చుకుని మంట పుడుతోంది. ఈ చేతులతో బతకాలి కదా, పిల్లను చదివించాలి కదా. ఊపిరి బిగబట్టి 'మరిగే నీళ్లు' గడి నల్లగా నింపేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గేటు బయట కూతురు ఎదురొచ్చింది. సంగతంతా విని, "ఇంతకీ ఏది పెట్టావ్?" అంది భయంభయంగా.

"మరిగే నీళ్లు."

"పాసైపోయావమ్మా!" కూతురు ఎగిరి గంతేసి మెడ చుట్టూ చేతులేసింది. తీరా చూస్తే తల్లి ఏడుస్తోంది. "ఛ, ఊరుకో. అది ఉత్త పేరానే కదా!"

"ఇరవై రెండేళ్లలో ఒక్క దుప్పటి పాడు చెయ్యలేదే," అంది ఆమె. "ఇవాళ చేశాను."