చూడొచ్చినవాళ్ళకి వంట

"వాళ్ళు వచ్చేది నిన్ను చూడ్డానికేగా, ఝాన్సీ! ఆ కాస్త వంట చెయ్యకపోతే ఏం బాగుంటుంది?" అన్నాడు మా అల్లుడు పవన్‌కుమార్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

మా అమ్మాయి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు అది. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేశారు. కడుపులో చాలా భాగం కోసి తీసేశారు. పొట్ట మీద అక్కడక్కడా చిన్న కోతలు, వాటి మీద పట్టీలు. మంచం మీద నుంచి లేవాలంటే ముందు పక్కకి తిరగాలి, మోచెయ్యి ఆనించాలి, ఊపిరి బిగబట్టాలి. అట్లా లేచి కూర్చుని, "ఎంతమందండీ?" అని అడిగింది.

"అక్కా, బావా, పిల్లలు. వాళ్ళతోపాటు పిన్నీవాళ్ళు కూడా. బయట నుంచి తెప్పిద్దామంటే అమ్మ తినదాయె. ఒక్క పూటేగా."

నేను చల్లపల్లి నుంచి పొద్దున బస్సుకి కొబ్బరిబోండాలు తీసుకుని గుణదలలో వాళ్ళింటికి అప్పుడే వచ్చాను. నీళ్ళలాంటివి తప్ప ఇంకేం తాగకూడదన్నారని తెచ్చాను. నేను చూస్తుండగానే తను గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఇందులో కొంత నా కళ్ళతో చూసింది, మిగతాది తర్వాత తను నాకు చెప్పింది.

ఉల్లిపాయలు తరుగుతూ తన ఒంటి గురించే ఆలోచించిందట. ఈ ఒళ్ళు ఎక్కడినుంచి వచ్చిందో తనకి బాగా తెలుసు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన అన్నం, పిల్ల కొరికి వదిలేసిన ఇడ్లీ, 'పారేస్తావా, చేతులెలా వస్తాయి నీకు' అని అత్తగారు దాపించిన నిన్నటి కూర, అన్నీ చివరికి తన కంచంలోకే వచ్చేవి. వేడన్నం అందరితోపాటు కూర్చుని తిన్న రోజు గుర్తు లేదు. ఆ ఇంట్లో పారెయ్యడానికి మనసొప్పనివన్నీ తన ఒంట్లో దాచుకుంది. ఆ తర్వాత అదే ఇల్లు ఆ ఒంటిని చూసి నవ్వింది. ఒకసారి చుట్టాల పెళ్ళిలో ఫొటో తీసేటప్పుడు మొగుడు 'నువ్వు వెనక నిలబడు, ముందుంటే మేమెవరం కనపడం' అన్నాడు. నలుగురూ నవ్వారు, తనూ నవ్వింది. మోకాళ్ళు అరిగి, షుగర్ వచ్చి, ఆపరేషన్ తప్పదని డాక్టర్లు చెప్పాక అత్తగారు సుబ్బరత్నమ్మ ఫోన్ చేసినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది: 'నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంటోందమ్మా.'

ఆసుపత్రిలో మాత్రం ఒక డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. "ఈ ఆపరేషన్ తర్వాత నొప్పి ఎట్లా తగ్గించాలో, మనిషి ఎంత తొందరగా కోలుకుంటుందో తేల్చడానికి పరిశోధన చేస్తున్నామమ్మా. కొందరికి మామూలు మందులు ఇస్తాం. కొందరికి వాటితోపాటు, మత్తులో ఉండగానే పొట్ట గోడలో తిమ్మిరి ఇంజెక్షన్ కూడా ఇస్తాం. మీకు ఏది ఇచ్చామో మీకు చెప్పం. నొప్పి ఎంతుందో మీరే మాకు చెప్పాలి. దాన్ని కొలిచే మిషను ఏదీ లేదు. మీ మాటే మాకు లెక్క" అంది. ఇష్టమైతేనే చేరమని, వద్దన్నా వైద్యంలో తేడా ఉండదని కూడా చెప్పింది. మా అమ్మాయి వెంటనే సరేనంది.

"నా మాటే లెక్క అని ఎవరైనా అనడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి నాన్నా" అని తర్వాత నాతో అంది.

కానీ ఆ మాట దక్కించుకోవడం కూడా చేతకాలేదు తనకి. ఆపరేషన్ అయ్యాక హెలెన్ అనే నర్సమ్మ వచ్చి, "నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందమ్మా?" అని అడిగింది. కుర్చీలో ఫోను చూసుకుంటున్న అల్లుడు తలెత్తకుండానే, "రెండు రాసుకోండి. మా ఆవిడ ఓర్చుకుంటుంది" అన్నాడు.

"నొప్పి మీక్కాదు కదండీ! ఆవిడ చెప్పాలి" అంది హెలెన్.

మా అమ్మాయి మొగుడి వంక చూసింది. పొట్టలో కత్తి తిప్పుతున్నట్టుంది. ఆపరేషన్‌కని పొట్టలోకి ఎక్కించిన గాలి పట్టేసి ఎడమ భుజం లాగేస్తోంది. "రెండేనమ్మా" అంది. అడిగినప్పుడల్లా అదే చెప్పింది. బాగానే ఉందనడం అంత అలవాటైపోయింది.

సరే, చుట్టాలు వచ్చారు. హనుమాన్ జంక్షన్ నుంచి ఆడపడుచు యాపిల్ పళ్ళూ, బందరు లడ్డూ పట్టుకొచ్చింది. చెంచాతో మజ్జిగ తాగే మనిషికి లడ్డూ. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏం ఝాన్సీ, ఇకనుంచి మాకు వండిపెట్టి నువ్వు వాసన చూస్తావా?" అంది. హాల్లో అందరూ నవ్వారు. మా అమ్మాయి కోడికూర కలుపుతూనే ఉంది. పక్కన గ్లాసులో పోసుకున్న కొబ్బరినీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

నేను లేచి వెళ్ళి, "ఆ గరిటె ఇటియ్యమ్మా" అన్నాను.

"అన్నయ్యగారూ, మీరు వంటింట్లో ఏంటండీ? ఇటొచ్చి కూర్చోండి, చూసినవాళ్ళు నవ్వుతారు" అని కేకేసింది సుబ్బరత్నమ్మ. నేను గరిటె తీసుకుని అక్కడే నిలబడ్డాను. ఈలోగా మా అమ్మాయి పెద్ద కుక్కర్ రెండు చేతులా ఎత్తి దింపబోయింది. సగంలో ఆగిపోయింది. నేను పట్టుకునేలోపే దాన్ని గట్టు మీద పడేసినట్టు పెట్టి, గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. పెదవులు మాత్రం తెల్లగా పాలిపోయాయి.

అప్పుడే హాల్లో మా అమ్మాయి ఫోను మోగింది. సుబ్బరత్నమ్మకి చెవులు సరిగా వినపడవు. అందుకని ఫోను తీసి స్పీకర్లో పెట్టింది.

"హెలెన్‌నండీ, ఆసుపత్రి నుంచి. ఝాన్సీగారికి ఎట్లా ఉంది? రోజూ చేసుకునే పనులు చేసుకోగలుగుతున్నారా?"

"భేషుగ్గా ఉందమ్మా! వచ్చిన మర్నాడే లేచి, ఇంటికొచ్చినవాళ్ళందరికీ వంట చేస్తోంది. ఆ మందేదో గాని, బలే పనిచేసింది."

"అవునా! అప్పుడే వంటా? అయితే చాలా తొందరగా కోలుకున్నట్టే" అంది హెలెన్, సంతోషంగా. "ఒకసారి ఆవిడకివ్వండి, ఆవిడ నోటితో చెబితేనే రాసుకోవాలి."

"దాని చెయ్యి ఖాళీ లేదమ్మా. బాగుందని నేను చెబుతున్నానుగా."

నేల మీద కూర్చుని మా అమ్మాయి అంతా వింది. తనకి ఏమనిపించిందో తర్వాత చెప్పింది. తనని మంచం మీద నుంచి లేపింది మందు కాదు, చుట్టాలు. అది మందు గొప్పతనమని రాసుకుంటే? రేపు ఇంకో ఇంట్లో, ఇంకో ఆడమనిషి ఇట్లాగే పట్టీలతో పడుకుని ఉంటే, 'ఆవిడెవరో మర్నాడే వంట చేసిందట, నీకేం?' అని లేపరూ? తన 'బాగానే ఉంది' వెళ్ళి ఆవిడ మెడకి చుట్టుకోదూ?

చెయ్యి చాపింది. లేవదీశాను. నా భుజం పట్టుకుని హాల్లోకి నడిచి, అత్తగారి చేతిలోంచి ఫోను తీసుకుంది.

"హెలెన్‌గారూ, నేను ఝాన్సీని. నేను కోలుకోలేదమ్మా. ఇంటికి చుట్టాలొస్తే లేచానంతే. ఆసుపత్రిలో రెండు రెండు అన్నది కూడా అబద్ధం. కొట్టేస్తారా?"

హెలెన్ కాగితాలు తిప్పిన చప్పుడు వినపడింది. "అప్పుడు రాసింది కొట్టెయ్యకూడదమ్మా. మీరిప్పుడన్నది కూడా పక్కన రాస్తాను. ఇప్పుడెంతుంది?"

"ఎనిమిది. కుక్కరెత్తినప్పుడు ఎంతో నాకు తెలియలేదు."

"కుక్కరెత్తారా? బరువులెత్తొద్దని చెప్పాం కదమ్మా! ఆలస్యం చెయ్యకుండా రండి, డాక్టరుగారు చూడాలి."

"వస్తాను. మా నాన్న తీసుకొస్తాడు." ఫోను పెట్టేసి నా వంక తిరిగింది. "స్టవ్ కట్టేసి రా నాన్నా."

కోడికూర ఇంకా ఉడకలేదు. కట్టేశాను. చుట్టాలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. "ఇప్పుడేంటి ఝాన్సీ, అందరూ భోజనాలకి కూర్చునే వేళ..." అని అల్లుడు సగంలో ఆపేశాడు. మా అమ్మాయి గుమ్మం దగ్గర వంగలేక, కాలితో చెప్పులు దగ్గరికి లాక్కుంటోంది.

సుబ్బరత్నమ్మ వెనకాలే వచ్చింది. ఆవిడ దెప్పడానికి అడగలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. "ఎనిమిదంటే పదికి ఎనిమిదా? అంత నొప్పి ఉంటే, పొద్దున్నుంచి వంట ఎట్లా చేశావే?"

మా అమ్మాయి ఆవిడ వంక చూసింది, కోపం లేకుండా.

"ఎప్పుడూ చేసినట్టే చేశాను అత్తయ్యా" అంది.