ఊదకుండా మోగిన ట్రాంబోన్

నేను ఒక ట్రాంబోన్‌ని. ముందుకీ వెనక్కీ జరిగే పొడుగాటి ఇత్తడి గొట్టం, చివర ఉమ్మెత్తపువ్వు లాంటి మూతి. పుట్టింది సముద్రాల అవతల కార్ఖానాలో, పెరిగింది సికింద్రాబాద్ పటాలం బ్యాండులో. మనుషుల మీద నాకు నమ్మకం తక్కువ. ఎందుకుంటుంది చెప్పండి? నా పాట విని జనం కళ్లు మూసుకుంటారు. వాయించినవాడేమో పాటయిన మరుక్షణం నాలో చేరిన తన ఉమ్మునంతా నేల మీద వంచేసి, ఏమీ ఎరగని పెద్దమనిషిలా నిలబడతాడు.

పటాలం నన్ను వదిలించుకున్నాక లాలాగూడ జయానందం చేతికొచ్చాను. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. గోరా సిపాయిలతో డాన్సు క్లబ్బులు కిటకిటలాడేవి. స్వింగు పాట ఎత్తుకుని జయానందం లేచాడంటే హాలంతా ఊగిపోయేది. బ్యాండులో ముందు కుర్చీ అతనిదే. ఆ గర్వంలో సగం నాది.

అంతలో అతని పై పన్ను కదిలింది. ట్రాంబోన్ వాయించేవాడికి ముందుపళ్లే ఆస్తి. అవి కదిలితే పైస్వరం పలకదు, ముందు కుర్చీ మిగలదు.

ఒక సాయంత్రం అతను లేచాడు, బుగ్గలు పూరించాడు, గొట్టం జరిపాడు. నాలోకి చీమ ఊపిరంత గాలి కూడా రాలేదు. పాట మాత్రం హాలంతా మోగింది! నాకు ఒళ్లు మండింది. వెనక కుర్చీలో రెండో ట్రాంబోన్ వాయించే రత్నం తల వంచుకుని ఊదుతున్నాడు.

అప్పట్నుంచి వాడి మీద ఓ కన్నేసి ఉంచాను. ఇంటికొస్తాడు, చేపల పులుసు తెస్తాడు, "పన్నెట్లుందన్నా?" అని అడుగుతాడు. ఊరికే ఎవరొస్తారండీ? గోతికాడ నక్కలా ఆ పన్ను ఊడేదాకా కాచుకున్నాడని తేల్చేశాను.

బ్యాండు పెద్ద గోమెజ్ దొరవి పాము చెవులు. ఒకరోజు సాధనలో అందరి ముందూ అనేశాడు. "రత్నం, రేపటి నుంచి ముందు కుర్చీలోంచి లేచేది నువ్వే."

జయానందం ముఖం పాలిపోయింది. నేను చెప్పలేదూ, అనుకున్నాను.

రత్నం నేలచూపులు చూస్తూ అన్నాడు. "లేస్తే నాకు కాళ్లు వణుకుతయి దొరా. అన్న ఎనక కూసుంటేనే ఊపిరాడ్తది."

దొర ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సరే, ఎట్ల కూసుంటరో అట్లనే కూసోండి" అన్నాడు. తెలిసే ఊరుకున్నాడని నా అనుమానం. ఆ పూట జయానందం నన్ను తుడుస్తూ చాలాసేపు తలెత్తలేదు. నా మీద పడ్డ తడి ఆ ఒక్కరోజే ఉమ్ము కాదు.

క్లబ్బు మూతబడే దాకా జయానందం నిలబడ్డాడు, రత్నం ఊదాడు.

చేతులు మారి మారి ఇప్పుడు పెళ్లిళ్ల బ్యాండులో తేలాను. నన్ను పట్టుకున్నవాడికి వాయించడం రాదు. బ్యాండు పెద్దదిగా కనబడాలని వాడికి ఎర్రకోటు తొడిగి వరసలో నిలబెట్టారు. బుగ్గలు పూరిస్తాడు, గొట్టం జరుపుతాడు, ఊదడు. పెళ్లివారు మురిసిపోతారు. వాడి కోసం ఎవరు వాయిస్తున్నారో అని నేను రోజూ వెనక్కి చెవి పెడతాను. వెనక జనరేటరు బండి తప్ప ఎవరూ లేరు.