బీరువాలో అమ్మ గొంతు

టౌనో లాంటి మొగుడు పగవాళ్ళకి కూడా వద్దని కైసు ఏటా ఒకసారి తప్పకుండా అనుకునేది. సరస్సు గడ్డకట్టిన మొదటి ఆదివారం ఊళ్ళో మగవాళ్ళంతా గాలాలు పట్టుకుని మంచు మీదికి పోతే, ఈ మహానుభావుడు పాటలూ ఫొటోలూ ఉన్న ఇంట్లోని డిస్కులన్నీ బల్ల మీద పరిచి, వాటిలో ఉన్నదంతా కొత్తవాటిలోకి ఎక్కించుకుంటూ కూర్చునేవాడు.

"నిరుడేగా ఎక్కించావు?"

"అందుకే" అనేవాడు. సూటిగా జవాబు చెప్పడం వాళ్ళుండే సావో ప్రాంతపు మగవాళ్ళకి చేతకాదు.

కైసు తన డిస్కు మాత్రం ఇచ్చేది కాదు. అందులో వాళ్ళమ్మ హిల్మా ఆవుల్ని పిలిచే పిలుపు రికార్డై ఉంది. అడవిలో మేసే మందంతా తలెత్తి ఇంటిదారి పట్టే పిలుపు. హిల్మా పోయాక కైసు దాన్ని బీరువాలో నారదుప్పట్ల మధ్య దాచింది. ముట్టుకోకపోతే ఏదీ పాడవదని ఆమె సిద్ధాంతం.

ఈ వేసవిలో కూతురు వేన్లా ఆవుల్ని కొంది. "అమ్మా, అమ్మమ్మ పిలుపు వినిపించవే, నేర్చుకుంటాను. నేనరుస్తుంటే అవి నన్ను చూసి నవ్వుకుంటున్నాయి."

కైసు డిస్కు తీసింది. ఒక్క గీత లేదు. పెడితే, యంత్రం కాసేపు గరగరలాడి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టినా అంతే. వెలుతురుకి ఎత్తి చూస్తే లోపలి పొరనిండా సూదిబెజ్జాలంత చుక్కలు.

"అమ్మ మళ్ళీ పోయింది" అంటూ కూలబడింది.

టౌనో వంటింటి మూలనున్న పిండితొట్టి వైపు చూశాడు. "రొట్టె చేశాక దాన్ని కడగవెందుకు?"

"ఇప్పుడా అడగడం? కడిగితే అంటుకున్న పులుపు చచ్చిపోదూ, రేపటి పిండి ఎలా పులుస్తుంది?"

"మీ అమ్మమ్మ నాటి పులుపేగా. కదపకుండా దాస్తే సరిపోదా?"

"దాస్తే బూజు పడుతుంది! ఎప్పటికప్పుడు కొత్త పిండి కలిపితేనే బతుకుతుంది, ఆమాత్రం తెలీ..." కైసు నోరు అక్కడే ఆగింది.

టౌనో జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "ఏటా నువ్వు మీ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు బీరువా తీసి, నీ డిస్కు కూడా ఎక్కించుకునేవాణ్ణి. ఇక తిట్టు."

"దొంగా!"

అతను దాన్ని యంత్రానికి తగిలించగానే గదినిండా హిల్మా గొంతు లేచింది, సన్నగా, ఎత్తుగా, కిటికీ దాటి. కంచె దగ్గర ఒక ఆవు తలెత్తింది. మిగతావి కాస్త ఆలోచించి దాని వెనకే నడిచాయి.

వేన్లా చప్పట్లు కొట్టింది. కైసు కళ్ళు తుడుచుకుని, ఇన్నేళ్ళూ మంచుమీదికి పోని మొగుణ్ణి తేరిపార చూసింది.

"తప్పు నాదే, టౌనో."

"ఉండు, రికార్డు చేస్తాను. మళ్ళీ చెప్పు."

"తప్పు నాదే" అంది కైసు, యంత్రం దగ్గరికి వంగి. "రెండుచోట్ల దాచుకో. మూడోసారి చెప్పను."