పొగ పీల్చినవాళ్లు

"ఏమైనా ఇబ్బంది ఉందా?" అని తలెత్తకుండానే అడిగాడు మాజీ సైనికుల మెడికల్ బోర్డు అధికారి.

"లేదు సార్." ఛాతీ విరిచి ఠక్కున చెప్పాడు దర్జీ మొగుడు.

పక్కనే నిలబడ్డ అతని పెళ్లానికి, బట్టలు కుట్టే దర్జీకి, ఒళ్లు మండిపోయింది. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతగాక ఏడ్చిన మనిషి, కన్నకూతుర్ని "ఎవరమ్మా నువ్వు" అని అడిగిన మనిషి. అన్నీ మరిచిపోయాడుగానీ, అధికారి అడిగితే "లేదు సార్" అనడం మాత్రం మరవలేదు.

"ఆయనే లేదంటున్నాడు కదమ్మా. వయసు మీదపడితే మతిమరుపు మామూలే. దానికి వైద్యం మేం చేయించం."

"నలభై దాటకముందే మీదపడుతుందా సార్ వయసు?"

తర్వాతివాణ్ణి పిలిచారు.

వరండా నిండా మాజీ సిపాయిలే, అందరిదీ ఒకే శిబిరం. అక్కడ గుంట తీసి టైర్లు, బ్యాటరీలు, రంగు డబ్బాలు పోసి డీజిలుతో కాల్చమన్నారు. కాల్చారు. ఆ పొగలోనే తిన్నారు, ఆ పొగలోనే పడుకున్నారు. పెద్దల గుడారాలు మాత్రం పొగ రాని వైపు వేశారు.

"లోపల మీరేం చెప్పారు బాబాయ్?" ముసలి హవల్దారును నిలదీసింది దర్జీ.

"ఇబ్బంది లేదన్నానమ్మా."

"తలపోటుకు గోడకేసి తల బాదుకుంటున్నారని పిన్ని చెప్పిందే?"

"సిపాయన్నాక అధికారి ముందు ఏడుస్తాడా? క్రమశిక్షణ."

"ఆ క్రమశిక్షణతోనే మిమ్మల్ని గుంట పక్కన నిలబెట్టారు. దాంతోనే నోళ్లు కుట్టేశారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, వీళ్లు అమ్మ కూడా కాదు."

అదే శిబిరంలో లారీ నడిపిన డ్రైవరు గోడవార నుంచి లేచాడు. "ఒక్కొక్కణ్ణే పిలుస్తున్నారు, అందుకే ఒక్కొక్కళ్లం భయపడి చస్తున్నాం. అందరం ఒకేసారి పోదాం."

"మీ ఆయన మళ్లీ లేదు సార్ అంటాడమ్మాయ్. నేర్పినా గుర్తుండదు," అన్నాడు హవల్దారు.

"గుర్తుండక్కర్లేదు బాబాయ్. మీ గొంతు వింటే చాలు."

ముసలాయన లేచి చొక్కా సర్దుకున్నాడు.

అందరూ తలుపు తోసుకుని లోపలికి వెళ్లారు. అధికారి నోరు తెరిచేలోగా హవల్దారు కేక గది దద్దరిల్లేలా లేచింది. "సావధాన్! గుంట పొగ పీల్చినవాళ్లు, ఒక అడుగు ముందుకు!"

చెప్పులన్నీ ఒక్కసారే నేలను తాకాయి. దర్జీ మొగుడి చెప్పులూ.

"వెనక్కి పొండి. ఇది నా ఆర్డరు," అన్నాడు అధికారి.

దర్జీ మొగుడి మడమ లేచింది. అతను కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. వరస కదలలేదు. వరసను వదిలిపోవడం అతనికి ఎవరూ నేర్పలేదు. మడమ మళ్లీ నేలకు దించాడు.

"పోలీసుల్ని పిలవండి," అని బయటికి కేకేశాడు అధికారి.

"పిలవండి," అంది దర్జీ. "వాళ్లొచ్చేలోగా ఇందాకటి ప్రశ్న మళ్లీ అడగండి."

అధికారి అడగలేదు. అడగకపోయినా వరసంతా ఒకే గొంతుతో చెప్పింది, "ఉంది."

మెట్లమీద బూట్ల చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ వెనక్కి తగ్గలేదు. అందరికన్నా కాస్త ఆలస్యంగా, పెళ్లాం చెయ్యి పట్టుకుని, దర్జీ మొగుడు కూడా అన్నాడు.

"ఉంది."

ఈసారి సార్ అనలేదు.