పై పూత

సాయంత్రం వచ్చి తన సామాను పట్టుకెళ్ళిపోతానని అల్లుడు ఫోన్ చేశాడు. కూతురు "సరే" అని పెట్టేసింది. ఆ "సరే" విన్న దగ్గర్నుంచీ అత్తగారికి కాలు ఒకచోట నిలవడం లేదు.

వేసవి మొదట్లో మాటా మాటా పెరిగి అతను వేరే గది తీసుకున్నాడు. అయినా బట్టలు ఇక్కడే ఉండడం ఆవిడకి కొంచెం ధైర్యంగా ఉండేది. చొక్కాలు దండెం మీద ఉన్నన్నాళ్ళూ మనిషి బయటికి వెళ్ళాడనుకోవచ్చు, వెళ్ళిపోయాడనుకోనక్కర్లేదు. ఇప్పుడు దండెం ఖాళీ కాబోతోంది.

కూతురు పనికి వెళ్ళగానే ఆవిడ అతని వస్తువులన్నీ తుడవడం మొదలుపెట్టింది. అన్నీ శుభ్రంగా కనబడితే మనసు కాస్త మెత్తబడుతుందేమోనని ఆశ. సొరుగులో వాచీ దొరికింది. పెళ్ళిలో కూతురు తన చేత్తో తొడిగిన ఖరీదైన వాచీ. అద్దం మీద సన్నటి తెల్ల గీత ఉంది. గీత కనబడితే ఆవిడకి తెలిసిన మందు టూత్‌పేస్టే. భర్త బతికుండగా ఆయన పాత వాచీకి గీతలు పడితే, తడిగుడ్డ మీద కాస్త పేస్టు వేసి గుండ్రంగా రుద్దేది. అంకెలు కడిగిన ముత్యాల్లా బయటపడేవి. దీన్నీ అలాగే రుద్దింది. గీత పోయింది గానీ, వెలుగులో పెట్టి చూస్తే అద్దమంతా మచ్చలు, నీళ్ళ మీద నూనె తెట్టు కట్టినట్టు. భయమేసి ఇంకా గట్టిగా రుద్దింది. మచ్చలు ఇంకా పెరిగాయి.

వాచీని చేతిరుమాల్లో చుట్టుకుని వీధి చివర వాచీలు బాగుచేసే ఆయన దగ్గరికి పరుగెత్తింది. ఎప్పుడు చూసినా ఒక కంటికి భూతద్దం తగిలించుకుని ఉంటాడని వీధంతా ఆయన్ని భూతద్దం అనే పిలుస్తారు.

"దేంతో రుద్దావు పెద్దమ్మా?"

"పేస్టుతో."

"పళ్ళు తోముకునే దాంతోనా? పోనీలే, వాచీ నోరు శుభ్రపడింది."

"నవ్వకు నాయనా, ఇక్కడ నా ప్రాణం పోతోంది. మా ఆయన వాచీకి ఎన్నిసార్లు రుద్దానో! ఏమీ కాలేదు."

"అది ప్లాస్టిక్ అద్దం. ఊరికే గీతలు పడేవి, రుద్దితే ఊరికే పోయేవి. దాని తర్వాత మామూలు గాజు వచ్చింది. దానికి గీత పడిందా, నువ్వు చేతులు అరిగేలా రుద్దినా పోదు. ఇది సఫైర్. నీలం రాయి లేదూ, అదే పదార్థాన్ని రంగు లేకుండా కొలిమిలో తయారుచేస్తారు. కత్తి పెట్టి గీసినా గీత పడదు."

"పడింది కదయ్యా, నా కళ్ళతో చూశాను!"

"అది గీత కాదు. ఏ గొళ్ళేనికో తగిలుంటుంది, ఆ ఇనుమే అంటుకుంది. పెన్సిల్ రబ్బరుతో తుడిస్తే పోయేది."

"మరి ఈ మచ్చలు?"

"వెలుగు పడితే మెరవకుండా పైన పల్చగా పూత వేస్తారు. రాయి మొండిదే, పూత అర్భకం. నువ్వు తోమేసింది ఆ పూతని."

"సాయంత్రంలోగా మళ్ళీ పుయ్యలేవా?"

"నా వల్ల కాదు. కావాలంటే ఉన్నదంతా తీసేస్తాను. అద్దం తేటగా ఉంటుంది గానీ దీపం కింద తళుక్కుమంటుంది. వాచీ ఎవరిదో వాళ్ళు ఒప్పుకోవాలి."

వాచీ తిరిగి చేతిరుమాల్లోకి చేరింది. వచ్చేదారంతా ఆవిడకి ఒకటే గుబులు. 'చివరికి అత్తగారు కూడా నా మీద కసి తీర్చుకుంది' అనుకుంటాడేమో. వాళ్ళిద్దరి మధ్య ఇంకా ఎక్కడో ఒక పోగు మిగిలుంటే, అది కాస్తా తన చేతుల్లోనే తెగిపోతుందేమో.

అల్లుడు ఖాళీ పెట్టెతో వచ్చాడు. కూతురు లోపలి గదిలో అతని చొక్కాలు మడతపెడుతోంది, తలెత్తలేదు. ఆవిడ దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయింది.

"బాబూ, నీ వాచీ... పేస్టు పెట్టి తోమేశాను. పాడైపోయింది."

అతను వాచీని దీపం వైపు తిప్పి చూశాడు. ఆవిడ తిట్లు తినడానికి సిద్ధపడి తల దించుకుంది.

"పర్లేదులెండి అత్తయ్యా."

అంతే. పెట్టెలో ఓ మూల పడేశాడు.

ఆవిడ గుమ్మం పట్టుకుంది. తిడతాడని పొద్దుట్నుంచీ వణికింది గానీ, తిట్టకపోతే ఏం చెయ్యాలో అనుకోనేలేదు. చిన్నప్పుడు పుట్టింట్లో తన అన్న ఇల్లు విడిచిపోయిన రోజూ అంతే, ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. అందరూ ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు.

లోపల్నుంచి కూతురు బయటికొచ్చింది, చేతిలో సగం మడిచిన చొక్కాతో.

"పర్లేదా? నా స్టీలు కప్పు వాచీకి తగిలి గీత పడిందని వారం రోజులు మొహం ముడుచుకు కూర్చున్నావే! మా అమ్మ అద్దం అంతా గీకేస్తే పర్లేదా?"

"అత్తయ్య తెలీక చేశారు."

"నేను తెలిసి తగిలించానా?"

"నువ్వు సారీ అన్నా చెప్పలేదు."

"చెప్పాను! గిన్నెలు కడుగుతూ చెప్పాను."

"కడుగుతూ చెబితే అది నాకా, గిన్నెలకా?"

అత్తగారు వంటింట్లోకి తప్పుకుంది. గొంతులు పెరిగాయి. పక్కింటి వాళ్ళు కిటికీ తెరిచారు. ఇంకో రోజైతే సిగ్గుతో చచ్చిపోయేది. ఇవాళ మాత్రం, అరుచుకోండి తల్లీ, ఇంకా అరుచుకోండి అని గొణుక్కుంటూ నిలబడింది.

ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. పెట్టె మూత వేశాడా? తలుపు దాకా వెళ్ళాడా?

"అసలు ఏ కప్పు? చెవి విరిగిందే, అదా?" అన్నాడు అల్లుడు.

"అది కాదు. కూర్చో, చెబుతాను."

కుర్చీ జరిగిన చప్పుడు వినబడుతుందేమోనని ఆవిడ ఊపిరి బిగబట్టింది.