వీధి వైపు తెర

ఫోటో స్టూడియోలో ఆమెను అందరూ మచ్చలక్క అంటారు. మొటిమలు, గాట్లు, కళ్ల కింది నలుపు, ఏవైనా సరే, ఆమె కంప్యూటర్లోకి వచ్చాయంటే మాయం కావలసిందే. స్టూడియో ఆమె అక్క మొగుడిది. బావకు నోరెక్కువ, పని తక్కువ. మరదలికి పనే లోకం.

ఆ రోజు ఆమె ముందున్నది సంగీతం టీచరు ఫోటో, కచేరీ పోస్టరు కోసం. టీచరుకు చెంప నుంచి మెడ దాకా చిన్నప్పుడు కాలిన మచ్చ ఉంది. ఎప్పుడూ జుట్టు అటువైపు వదులుకుని తిరుగుతుంది కాబట్టి వీధిలో ఒక్కరికీ తెలియదు. ఫోటోకు మాత్రం జుట్టు వెనక్కి కట్టుకుంది.

"ముఖం నిండుగా కనబడాలన్నారండీ. మచ్చ తీసేస్తారుగా? మీరూ నేనూ తప్ప ఇంకెవరి కంటా పడకూడదు," అని చేతులు పట్టుకుంది.

"నా ప్రాణం మీద ఒట్టు," అంది మచ్చలక్క.

ఫోటో తెరిచి, కాస్త పని చేసి, భోజనానికి లేచింది. తిరిగొచ్చేసరికి తెర మీద స్క్రీన్ సేవర్ బుడగలు తేలుతున్నాయి. మౌసు కదిపింది. బుడగలు పోయాయి, తెర నల్లగా మిగిలిపోయింది.

మళ్లీ కదిపింది. వెనక వైరు పీకి పెట్టింది. వెలుతురు పెంచే బటన్ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కింద పెట్టె మాత్రం గుయ్యిమంటూనే ఉంది. ఆపేద్దామంటే చేసిన పని సేవ్ చేయలేదు.

"ఏం మాయరోగం వచ్చిందే నీకు?" అని తెరను తిట్టింది.

ఏ ఫోటోకైనా ముందు మచ్చను పెద్దది చేసుకోవడం ఆమె పద్ధతి. ఆ మీటలు కళ్లు మూసుకున్నా ఆమె వేళ్లకు తెలుసు. తెరలో ప్రాణముంటే ఏ మూలైనా కాస్త రంగు మెరవకపోతుందా అని నొక్కింది. ఏమీ లేదు. ఇంకా పెద్దది చేసింది. ఇంకా.

బావ బయటి నుంచి పరుగెత్తుకొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపవే! షోకేసు టీవీలో వస్తోంది!"

"ఏ టీవీ బావా?"

"శాంపిళ్లు చూపిద్దామని పొద్దున నేనే దీనికి కలిపా. స్క్రీన్ సేవర్ పోగానే బొమ్మంతా అటే పోయినట్టుంది!"

మచ్చలక్క వీధిలోకి ఉరికింది. గుంపు మూగి ఉంది. మనిషెత్తు టీవీ నిండా ముడతలు పడిన ఎర్రటి చర్మం, ఒక మూల సగం చెవి. ఇంత పెద్దది చేశాక ఎవరిదో ఎవరికి తెలుస్తుందిలే అని ఆమెకు పిచ్చి ఆశ ఒకటి పుట్టింది.

"మన సంగీతం టీచరమ్మేగా," అంటున్నాడు పూలమ్మే అతను పక్కవాడితో. "ఇందాక ముఖమంతా కనబడింది."

అతని వెనకే టీచరు నిలబడి ఉంది.

మచ్చలక్క టీవీ ప్లగ్గు పీకేసింది. గుంపు ఒకరి ముఖం ఒకరు చూడలేక జారుకుంది. టీచరు నెమ్మదిగా లోపలికి వచ్చి, నల్లటి తెర ముందున్న కుర్చీలో కూర్చుంది. మచ్చలక్కకు ఏడుపు ఆగలేదు.

"నన్ను క్షమించండమ్మా! తెర బాగవ్వగానే తుడిచేస్తా. ఆనవాలు కూడా మిగలదు."

టీచరు తలెత్తింది.

"ఎవరి కోసమండీ?"