ఒంటె పాలూ డీజిల్ బండీ

కులామావే ఊరి ఆడవాళ్ళ పాల సంఘం సొంత బండి కొనాలనుకున్న రోజు నుంచి దరారెకీ ఆమె మరిది గల్మకీ ఒక్క పూట కూడా పొసగలేదు.

దరారె మొగుడు పోయాక రోడ్డు వేసే కంపెనీ క్యాంపులో వంటకి కుదిరింది. అక్కడి డ్రైవర్లకి టీ పోసి పోసి, బతిమాలో బెదిరించో వాళ్ళ చేతే బండి తోలడం నేర్పించుకుంది. లైసెన్సు చేతికొచ్చాక క్యాంపు వదిలి ఊరికొచ్చి ఒంటెలు చూసుకుంటూ సంఘంలో చేరింది. ఇక గల్మకి పెట్రోలు వ్యాను ఒకటుంది. ఇన్నాళ్ళూ సంఘం పాల డబ్బాలు ఇసియోలో పట్నానికి ఆ వ్యానులోనే వెళ్ళేవి. అతను చెడ్డవాడేం కాదు. కాకపోతే తనకి వీలైనప్పుడు వచ్చేవాడు, పాలకి వీలైనప్పుడు కాదు. అందుకే ఆడవాళ్ళు సొంత బండి మాట ఎత్తారు. గల్మ కూడా అలగలేదు. పక్క ఊరి సంఘం వాళ్ళ పాలు ఒప్పుకుని, "కొనుక్కోండి, నాకేం? కానీ కొంటే నా వ్యానులాంటిదే కొనండి," అన్నాడు.

బేరానికి రెండు బండ్లు వచ్చి పాల షెడ్డు ముందు నిలబడ్డాయి. ఒకటి గల్మ చూపించిన తెల్ల వ్యాను, నున్నగా మెరుస్తోంది. రెండోది దరారె వెతికి పట్టుకొచ్చిన డీజిల్ బండి. కరువు సాయం పంచే వాళ్ళెవరో ఏళ్ళ తరబడి వాడి అమ్మేసింది. ముందు ఇద్దరో ముగ్గురో కూర్చునే గది, వెనక రేకు తొట్టి, అంతే దాని సొగసు. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే కావడంతో తగువంతా గుణాల మీదే నడిచింది.

గల్మ డీజిల్ బండి తలుపు తీసి దఢాలున వేశాడు.

"విన్నావా వదినా? రేకు డబ్బా. ఏసీ లేదు. అద్దం దించాలంటే చేత్తో తిప్పుకోవాలి. సీటు చూడు, చెక్క బల్ల మీద గుడ్డ పరిచినట్టుంది. పట్నం వెళ్ళి వచ్చేసరికి నీ నడుం నీది కాదు."

"చెప్పు, ఇంకా చెప్పు," అంది దరారె. ఆమె బండి కింద దూరి పడుకుని చట్రం చూస్తోంది. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"ఇంజను మోత చూడు. పక్కనున్న మనిషి చచ్చిపోతున్నానన్నా నీకు వినపడదు. పరుగు అసలే లేదు. స్టీరింగు తిప్పాలంటే భుజాలు ఊడొస్తాయి."

దరారె బయటికొచ్చి వీపుకంటిన మట్టి దులుపుకుంది.

"నువ్వన్నవన్నీ నిజమే గల్మా. ఒక్కటీ కాదనను."

గల్మ తడబడ్డాడు. వాదన ఇంత తొందరగా గెలుస్తానని అతను అనుకోలేదు.

"కానీ దీని కడుపు నేలకి ఎంత ఎత్తునుందో చూడు. నాలుగు చక్రాలూ లాగుతాయి. చట్రం రైలు కమ్మీలాగా ఉంది. చెడిపోవడానికి దీంట్లో పెద్దగా ఏమీ లేదు, చెడినా పానా పట్టుకున్నవాడెవడైనా బాగుచేస్తాడు. నీ బండి ఆగితే నైరోబీ నుంచి కంప్యూటరు చంకన పెట్టుకుని ఒకడు రావాలి."

"నా బండి ఆగదు."

"పోయిన ఎండాకాలం ఆగింది. మా పాలు పులిసి పెరుగయ్యాయి. మర్చిపోయావా?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. గల్మ కూడా నవ్వేసి, ఆ వెంటనే అసలు బాణం తీశాడు. "సరే, బురదలో నీ బండే గొప్పది. మన దేశంలో వాన ఏడాదికి ఎన్నాళ్ళు కురుస్తుంది? ఆ కాసిని రోజుల కోసం మిగతా ఏడాదంతా వీళ్ళ నడుములు విరగ్గొడతావా?"

నిజానికి దరారె రాత్రింబవళ్ళు తనని తాను అడుగుతున్న ప్రశ్న కూడా అదే.

సంఘానికి పెద్ద కబాలె. అప్పటిదాకా చెట్టు మొద్దు మీద కూర్చుని పాలు త్వరగా పులవకుండా డబ్బాకి తుమ్మ కట్టెల పొగ పడుతూ ఉంది. తల ఎత్తకుండానే అడిగింది, "గల్మా, ఒంటెలు పాలు ఎక్కువిచ్చేది ఎప్పుడురా?"

"వానలు పడ్డాక, పెద్దమ్మా."

"మరి ఎండాకాలంలో నీ బండి గాలిలా పరిగెడుతుందంటున్నావు. అప్పుడు దాంట్లో ఏం పెట్టుకు పంపమంటావు? నన్నా?"

ఓటు వేయడానికి ఆడవాళ్ళు చేతులెత్తారు. కొద్ది తేడాతో డీజిల్ బండే నెగ్గింది.

నెగ్గడం ఒక ఎత్తు, దాంతో కాపురం చేయడం ఇంకో ఎత్తు. ఆ ఎండాకాలమంతా గల్మ చెప్పిన లోపాలు ఒక్కొక్కటే నిజమవుతూ వచ్చాయి. మధ్యాహ్నానికి లోపల పొయ్యి మీద పెనంలా కాలేది. దుమ్ము ఎక్కడెక్కడి సందుల్లోంచో దూరి దరారె కనుబొమల మీద పిండిలా పేరుకునేది. డబ్బాలకి కాపలాగా పక్కన కూర్చునే బొకాయు అసలే వాగుడుకాయ. ఏం చెప్పినా ఇంజను మోతలో కలిసిపోతుంటే ఆమెకి ప్రాణం విసిగిపోయేది. బండికి 'చెవిటిది' అని పేరు పెట్టింది.

"నేను మా అత్త మీద చెప్పుకోవాల్సినవి ఎన్నో ఉన్నాయి దరారక్కా. ఈ చెవిటిదాంట్లో ఒక్కటీ చెప్పుకునే వీల్లేదు," అని అరిచేది.

"ఏంటీ?" అని దరారె అరిచేది.

దారిలో గల్మ వ్యాను హారను కొట్టుకుంటూ, పాటలు పెట్టుకుంటూ వీళ్ళని దాటిపోయేది. ఒకసారి దరారె ఎంత తొక్కినా బండి వేగం అందుకోలేక, పట్నం నుంచి పాలని నైరోబీ తీసుకెళ్ళే బస్సు తప్పిపోయింది. ఆ రోజు పాలు పట్నంలోనే పులిసిపోయాయి. డబ్బాలు బోర్లించి కడుగుతుంటే ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీని చెడు రోజూ కనిపిస్తోంది, మంచి మాత్రం ఎప్పుడో వచ్చే వానలో దాక్కుంది. ఈ మాట ఎవరికని చెప్పుకోవాలి?

"అమ్మేద్దాం," అన్నారు ఊళ్ళో సగం మంది. "వానలు చూసి అమ్ముదాం," అంది కబాలె. అప్పటికి ఆ మాట చల్లారింది.

వానలు వచ్చాయి. మామూలుగా రాలేదు. రెండేళ్ళ కరువుకి బాకీ తీరుస్తున్నట్టు వచ్చాయి. మోడుల్లా ఉన్న తుమ్మలు పచ్చబడ్డాయి. ఒంటెలు పొదుగులు నింపుకుని ఇంటిదారి పట్టాయి. షెడ్డులో డబ్బాలు చాలక వంట గిన్నెలు కూడా తెచ్చి పెట్టారు. సరిగ్గా అప్పుడే నైరోబీలోని ఒక పాల డిపో వాళ్ళు రోజూ పాలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. పాలు చల్లగా ఉంచే వాళ్ళ లారీ మధ్యాహ్నందాకా ఇసియోలోలో నిలబడుతుంది. మొదటి రోజే పాలు అందకపోతే వేరే ఊరు చూసుకుంటామని ముందే చెప్పారు.

ఆ మొదటి రోజు తెల్లవారేసరికి పట్నం దారికి అడ్డంగా పారే పెద్ద వాగు పొంగింది.

దరారె, బొకాయు వెళ్ళేసరికి ఒడ్డున బస్సులు, లారీలు బారులు తీరి ఉన్నాయి. ప్రయాణికులు గొడుగుల కింద టీ తాగుతున్నారు. గల్మ వ్యాను కూడా అక్కడే ఉంది, నిండా పక్క ఊరి పాలతో. అతను పంట్లాం మోకాళ్ళదాకా మడిచి ఎర్రటి నీళ్ళవైపు దిగులుగా చూస్తున్నాడు.

"రా వదినా, రా. ఇవాళ మన ఇద్దరి పాలూ ఒకేలా పులుస్తాయి," అన్నాడు.

దరారె కర్ర తీసుకుని నీళ్ళలోకి దిగింది. ఒడ్డు మీదున్న ఓ లారీ డ్రైవరు కేకేశాడు, "అమ్మా, అక్కడ చేపలు దొరకవు, మొసళ్ళే." నలుగురూ నవ్వారు. ఆమె కర్రతో పొడుస్తూ అడుగు నేల వెతికింది. నీళ్ళు నడుముదాకా ఉన్నాయి, లాగేస్తున్నాయి. వెనక్కొచ్చి ఒక రాయి మీద కూర్చుంది.

"ఏమైంది?" అంది బొకాయు.

"ఇప్పుడు దిగితే చస్తాం. ఆగుదాం."

ఎండ కాస్త పొడుచుకొచ్చింది. ఒడ్డు మట్టి మీద తడి గీత కిందికి జారుతూ ఉంటే దరారె కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఇంకోసారి దిగింది. ఈసారి నీళ్ళు తొడలదాకానే వచ్చాయి. బస్సుల చక్రాలు నలిపి మెత్తబడిన చోటు వదిలేసి, కొంచెం దిగువన కంకర గట్టిగా తగిలిన దారి ఒకటి పట్టుకుంది. అటు ఒడ్డుదాకా నడిచి, మళ్ళీ ఇటు వచ్చింది. వచ్చీ రాగానే తొట్టిలోంచి టార్పాలిన్ లాగి, నీళ్ళు ఇంజను మీదికి ఎగదన్నకుండా బండి ముందు భాగానికి బిగించి కట్టింది.

"గల్మా, నీ డబ్బాలు కూడా దీంట్లోకి ఎక్కించు."

"నీకేమైనా మతి పోయిందా? ఇప్పటికే నిండుగా ఉంది. బరువెక్కితే మునిగిపోతావు."

"బరువు లేకపోతే కొట్టుకుపోతాను. ఎక్కించు."

గల్మ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత డబ్బాలు మోయడం మొదలుపెట్టాడు. ఇందాక నవ్విన లారీ డ్రైవరు కూడా వచ్చి ఓ చెయ్యి వేశాడు. అంతా అయ్యాక గల్మ బొకాయు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. "పక్క ఊరి వాళ్ళ పాలు. వదిలేసి ఏ ముఖంతో వెళ్ళను?" అన్నాడు.

దరారె చిన్న గేరు వేసింది. బండి నీళ్ళలోకి గేదెలా దిగింది. టార్పాలిన్ ముందు నీళ్ళు వీపులా ఉబ్బి పక్కలకి విడిపోతున్నాయి. ఆమె కాలు కదల్చలేదు. తొందరపడితే కెరటం మీద పడుతుంది, వెనక్కి తగ్గితే బండి ఆగిపోతుంది. నీళ్ళు తలుపు కింది నుంచి దూరి ముగ్గురి పాదాలనూ ముంచాయి. బొకాయు కళ్ళు మూసుకుని దువా చదువుతోంది. నడి వాగులో బండి వెనక భాగం ఒక్కసారి పక్కకి జరిగింది. గల్మ చెయ్యి తలుపు గడియ మీదికి వెళ్ళింది.

"ముట్టుకోకు," అంది దరారె. గొంతు పెంచలేదు, అయినా అంత మోతలో కూడా అతనికి వినపడింది.

పాల బరువుకి చక్రాలు మళ్ళీ కంకర పట్టుకున్నాయి. ముందు చక్రాలు ఒడ్డెక్కాయి, వాటి వెనక తక్కినవి. నీళ్ళు ఓడుతూ బండి పొడి నేల మీదికి రాగానే వెనక ఒడ్డున జనం పెట్టిన కేక ఆకాశానికి తగిలింది.

అయితే కష్టం అక్కడితో తీరలేదు. స్టీరింగు ముందున్న మీటర్ల ముళ్ళన్నీ పడిపోయాయి. హారను మూగబోయింది. నీళ్ళు ఎక్కడో చేరి బ్యాటరీ చల్లారిపోయింది.

"ఆపు వదినా, చూద్దాం," అన్నాడు గల్మ.

"ఆపితే మళ్ళీ లేవదు. దీని ఇంజనుకి కరెంటు లేవడానికే కావాలి, నడవడానికి అక్కర్లేదు. ఇంకా చప్పుడు చేస్తోందిగా? చేస్తున్నంత సేపూ పోతాం."

పోయారు. దారిలో మళ్ళీ వాన పట్టుకుంది. అద్దం తుడిచే పుల్లలు కదలవు. దరారె కిటికీలోంచి తల బయటపెట్టి తోలుతుంటే, గల్మ అటుపక్క నుంచి తన చొక్కా విప్పి అద్దం తుడిచాడు. మేకల మంద అడ్డం వస్తే బొకాయు కిందికి దూకి అదిలించి, కదులుతున్న బండి వెంట పరిగెత్తి ఎక్కింది. పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఆపమన్నారు. దరారె బండి నిలిపింది గానీ ఇంజను ఆపలేదు. గల్మ తడిసిన ఒంటితో దిగి, ఏం చెప్పాడో ఏమో, పోలీసులు నవ్వుతూ గేటు ఎత్తేశారు.

ఇసియోలోలో పాల లారీ డ్రైవరు అప్పటికే తలుపులు వేస్తున్నాడు.

"ఎక్కడి నుంచి?" అన్నాడు.

"కులామావే నుంచి."

"వాగు పొంగిందని ఫోన్లు వచ్చాయే. ఆ రోడ్డు మూసేశారన్నారు."

"మూశారు," అంది దరారె. "మేం వచ్చాం."

రెండు ఊళ్ళ డబ్బాలూ దిగేదాకా బండి నిలబడి దడదడలాడుతూనే ఉంది. లారీ అతను ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసి, రుచి చూసి, లారీలోకి ఎక్కించాడు. ఒక్కటీ పక్కకి తోసేయలేదు. ఆఖరి డబ్బా ఎక్కాక, "రేపు కూడా వస్తారా?" అని అడిగాడు.

"వాగు పొంగితే కాస్త ఆలస్యంగా వస్తాం. నిలబడు."

"నిలబడతాను," అన్నాడతను.

దరారె చెయ్యి చాపి ఇంజను ఆపే గుబ్బ లాగింది. మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో బొకాయు గుక్క తిప్పుకోకుండా అత్తగారి సంగతి ఎత్తుకుంది. దరారె స్టీరింగు మీద తల ఆనించి, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది.

మెకానిక్కు బ్యాటరీ మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. గల్మ మూడు కప్పుల టీ, వేడి వేడి మాంసం సమోసాలు పట్టుకొచ్చాడు. ఒక సమోసా కొరికి, "సీటు మాత్రం చెక్క బల్లే వదినా," అన్నాడు.

"అవును. లోపల వేడి కూడా అంతే. నీకంటే నాకే బాగా తెలుసు."

"తిరుగు దారిలో నేను తోలనా? నీ భుజాలు పట్టేశాయి."

దరారె అతనివైపు చూసింది. వెక్కిరింత ఎక్కడా లేదు.

"వాగు దగ్గరికి వచ్చేదాకా తోలు. వాగు నాది."

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాగు ఇంకా పారుతూనే ఉంది. అటు ఒడ్డున బస్సులు అలాగే ఉన్నాయి. వాటి మధ్య సంఘం ఆడవాళ్ళు, కబాలెని ముందు పెట్టుకుని, ఊరి నుంచి నడిచి వచ్చి నిలబడ్డారు. బండిని చూడగానే పాట ఎత్తుకున్నారు. నీళ్ళ మీదుగా ఆ పాట దరారె దాకా వచ్చింది. ఆమె మరిదిని పక్కకి జరగమని స్టీరింగు దగ్గర కూర్చుంది. అవతల లారీ డ్రైవర్లు జనాన్ని అటూ ఇటూ జరిపి, ఒడ్డెక్కడానికి ఆమెకి దారి చేశారు.